కొత్త మెయింటైనర్‌కి మెర్జ్ పర్మిషన్ ఇచ్చేస్తే చాలా?

మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి ఇద్దరు చాలాకాలంగా మంచి పీఆర్‌లు (పుల్ రిక్వెస్టులు, అంటే కోడ్‌లో చేర్చమని పంపే మార్పులు) పంపుతున్నారు, వాళ్ళని మెయింటైనర్లుగా, అంటే ప్రాజెక్టు బాగోగులు చూసేవాళ్ళుగా చేర్చుకోవాలి, రైట్ పర్మిషన్ (కోడ్‌ని మార్చే అనుమతి) ఇచ్చేస్తే సరిపోతుందా అని కదా మీరు అడిగింది. సరిపోదండీ. పర్మిషన్ ఇవ్వడం రెండు నిమిషాల పని. ఆ తర్వాత వాళ్ళు ఒక్క పీఆర్ కూడా మెర్జ్ చెయ్యకుండా (అసలు కోడ్‌లో కలపకుండా) ప్రతిదానికీ మిమ్మల్నే ట్యాగ్ చేస్తుంటే, మీ పని తగ్గకపోగా పెరుగుతుంది.

నేను తెలుగు టెక్స్ట్‌ని అక్షరాలుగా విడగొట్టే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి చూసుకుంటుంటాను. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి కోడ్ రాయడంలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇబ్బందల్లా ‘ఇది మనకి వద్దు’ అని చెప్పాల్సి వచ్చినప్పుడే. ఉదాహరణకి, టెక్స్ట్‌లో కనిపించని క్యారెక్టర్లన్నీ తీసేసి శుభ్రం చేస్తానంటూ ఎవరో ఒకరు పీఆర్ పంపుతూనే ఉంటారు, కోడ్ నీట్‌గా ఉంటుంది, చూస్తే మెర్జ్ చెయ్యాలనే అనిపిస్తుంది. కానీ ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అని, అక్షరాలు కలిసిపోకుండా ఆపే క్యారెక్టర్ ఒకటి దాక్కుని ఉంటుంది, దాన్ని తీసేస్తే అది ‘సాఫ్ట్వేర్’ అయిపోయి ఫ కిందకి రెండు ఒత్తులు వచ్చి చేరతాయి. ఇంకొకరొచ్చి ‘స్త్రీ’ పొడవు 6 అని వస్తోంది, బగ్ అంటారు. మనకి అది ఒక్క అక్షరమే, కంప్యూటర్లో అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌కి మాత్రం 6 కోడ్ పాయింట్లు, అంటే ఆరు విడి ముక్కలు. ఇవన్నీ పాత మెయింటైనర్ బుర్రలో ఉంటాయి తప్ప ఎక్కడా రాసి ఉండవు, ఇక కొత్తవాళ్ళు ఏ ధైర్యంతో పీఆర్ క్లోజ్ చేస్తారు చెప్పండి?

అందుకే మొదట ఒక ఫైల్ పెట్టండి: ఏవేవి వద్దన్నాం, ఎందుకు వద్దన్నాం. అందంగా ఉండక్కర్లేదు, పాత ఇష్యూల (బగ్గులు, కోరికల మీద జరిగిన చర్చల) లింకులు, పక్కన రెండు ముక్కలు చాలు. తర్వాత వచ్చే ఒకట్రెండు తిరస్కరణలు కొత్తవాళ్ళ చేతే రాయించండి, పోస్ట్ చేసే ముందు మీరు ప్రైవేటుగా చూసి పెట్టండి. ఒకసారి వాళ్ళ పేరు మీద ‘వద్దు’ అని వెళ్ళాక సగం భయం పోతుంది.

పర్మిషన్ల సంగతికొస్తే, కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో, ఆర్గనైజేషన్ కింద ఉన్న ప్రాజెక్టులకి ట్రయాజ్ అనే రోల్ ఉంది, దాంతో ఇష్యూలకి లేబుల్ పెట్టొచ్చు, క్లోజ్ చెయ్యొచ్చు, కోడ్ పుష్ చెయ్యలేరు. కొన్నాళ్ళు అక్కడ ఉంచి ఆ తర్వాత రైట్ ఇవ్వండి, మెయిన్ బ్రాంచ్‌కి ఇంకొకరి అప్రూవల్ ఉంటేనే మెర్జ్ అయ్యేలా పెట్టండి, ఆ రూల్ మీకు కూడా వర్తించాలి. నోడ్ జేఎస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్ళ పద్ధతి ఒకటి నాకు భలే నచ్చింది: కొత్తగా చేరిన మనిషి ఆన్‌బోర్డింగ్‌లో చేసే పనుల్లో ఒకటి, ప్రాజెక్టు పరిచయ ఫైలు రీడ్‌మీలో తన పేరు తానే చేర్చుకుంటూ పీఆర్ పెట్టడం. చిన్న మార్పే, కానీ ఆ వంకన ప్రాసెస్ అంతా ఒకసారి చేతికి తగులుతుంది. ఇంకో మాట, వాళ్ళకి అప్పగించిన పీఆర్‌లో మీరు వేలు పెట్టకండి. మీరైతే వేరేలా రాసేవారేమో, అయినా సరే. వాళ్ళ రివ్యూ మీద మీరు ఇంకో రివ్యూ రాస్తే ఆ తర్వాత వాళ్ళు రివ్యూలు చెయ్యడం మానేస్తారు.

రిలీజ్ మాత్రం కాల్‌లో కూర్చుని, కీబోర్డు వాళ్ళ చేతికిచ్చి చేయించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ డాక్యుమెంట్‌లో లోటు ఉన్నట్టే, దాన్ని సరిచేసే పని కూడా వాళ్ళదే. పాస్‌వర్డులు, టోకెన్లు వాట్సాప్‌లో పంపుకోకండి దయచేసి. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పైపీఐలో ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది, గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ వాళ్ళ ఆటోమేషన్) నుంచి నేరుగా రిలీజ్ అవుతుంది, టోకెన్ దాచుకునే పనే ఉండదు.

నమ్మకం సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ (లినక్స్‌లో ఫైళ్ళు కుదించే టూల్) గొడవ గుర్తుండే ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్ళకి పైగా ఓపిగ్గా ప్యాచ్‌లు పంపారు, అప్పటికే అలసిపోయి ఉన్న మెయింటైనర్‌ని ఇంకెవరో అకౌంట్లు ‘ఆలస్యం అవుతోంది, ఇంకొకరిని చేర్చుకో’ అని సతాయించాయి, చివరికి 5.6.0, 5.6.1 రిలీజుల్లో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి రావడానికి పెట్టిన దారి) వచ్చింది. దాన్ని నడిపించే ముక్క అందరూ చూసే గిట్ రిపోలో కాకుండా రిలీజ్ టార్‌బాల్‌లో (రిలీజ్ కోసం కట్టే ప్యాకేజీ ఫైల్లో) ఉంది. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీర్ అనుమానపడబట్టి దొరికింది. దీన్ని చూసి అందరినీ అనుమానించమని కాదు, అలా అయితే ఎవరూ చేరరు. కానీ మీరు బాగా అలసిపోయి ఉన్నప్పుడు, పక్కనుంచి ఎవరో తొందరపెడుతున్నప్పుడు మాత్రం పర్మిషన్లు ఇవ్వకండి.

అన్నిటికంటే ముందు, వాళ్ళకి ఇష్టమో కాదో విడివిడిగా అడగండి. మన దగ్గర చేరేవాళ్ళలో చాలామంది ఇంజినీరింగ్ పిల్లలు, ప్లేస్‌మెంట్ సీజన్ రాగానే మాయమైపోతారు, అందులో తప్పేం లేదు. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, చెప్పి వెళ్తే చాలు అని మొదటిరోజే చెప్పేస్తే మొహమాటపడి మీ మెసేజ్‌కి జవాబివ్వకుండా తిరిగే అవసరం వాళ్ళకి ఉండదు. ఇద్దరూ సరేనంటే ఇద్దరినీ ఒకేసారి చేర్చండి, ఒకరి పీఆర్ ఇంకొకరు అప్రూవ్ చేసుకుంటారు, మీరు ఊళ్ళో లేకపోయినా పని ఆగదు.