మందార మొగ్గలు విచ్చకముందే రాలిపోతున్నాయి

ప్రశ్న: మా డాబా మీద కుండీలో మూడేళ్లుగా ముద్దమందారం పెంచుతున్నాను. నిరుటి వరకు రోజూ అమ్మవారికి రెండు మూడు పూలైనా దొరికేవి. ఈ వేసవిలో మొగ్గలు విపరీతంగా వేస్తోంది గానీ, అవి కాస్త లావెక్కగానే పసుపుబారి రాలిపోతున్నాయి. చిగురాకులు కూడా పాలిపోతున్నాయి. పూలు బాగా పూస్తాయని ఎవరో చెబితే ప్రతి నెలా ఎముకల పొడి వేస్తున్నాను. నీళ్లు బోరువే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అన్ని మొగ్గలు వేస్తోందంటే మీ మొక్కలో సత్తువ ఉన్నట్టే కాబట్టి దాన్ని వదులుకోకండి. ఏ మందూ కొనకముందు, ఇవాళ రాలిన మొగ్గలు నాలుగైదు ఏరి, గోటితో నిలువుగా చీల్చి వెలుతురులో చూడండి. లోపలి కేసరాలు గోధుమరంగుకు తిరిగి మెత్తబడి, వాటి మధ్య బియ్యపు నూక కన్నా సన్నని తెల్లటి పురుగులు మెదులుతుంటే అది మొగ్గలో గుడ్లు పెట్టే చిన్న ఈగ పని. ఆ పురుగులు లోపలంతా తిని, ఆపైన మట్టిలోకి దిగి, అక్కడే రూపు మారి మళ్లీ ఈగలై పైకి వస్తాయి. అందుకే ఆకుల మీద ఎంత వేపనూనె చల్లినా మొగ్గ లోపలి పురుగుకు తగలదు. రాలిన మొగ్గలనూ, కొమ్మ మీదే పసుపుబారుతున్నవాటినీ ఏ పూటకాపూట ఏరి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, రెండు రోజులు ఎండలో ఉంచి పారేయండి. కంపోస్టులో మాత్రం కలపవద్దు. కుండీలోని పైమట్టిని అంగుళం మేర తీసి కొత్తది వేయండి. నెల రోజులు ఒక్క పూట కూడా మానకుండా ఏరితేనే ఈ వరుస తెగుతుంది.

మొగ్గ లోపల శుభ్రంగా ఉంటే ఎండనూ నీటినీ అనుమానించాలి. మందారానికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలన్నది నిజమే అయినా, 40 డిగ్రీలు దాటే మీ ఊరి వేసవిలో డాబా గచ్చు వేడి కుండీ అడుగు నుంచి వేళ్లను ఉడికిస్తుంది. మట్టి ఒక్కసారి పూర్తిగా ఎండినా మొక్క ముందుగా మొగ్గలనే వదులుకుంటుంది. ఈ విషయంలో రెక్కమందారం కన్నా ముద్ద రకాలు సుకుమారం. కుండీని రెండు ఇటుకల మీదికి ఎత్తి, మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ కల్పించి, ఉదయం అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోయండి. సాయంత్రం వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే మళ్లీ పోయండి.

ఎముకల పొడి వెంటనే ఆపండి. ఈ సలహా చాలా ఇళ్లలో మందారాలకు చేటు చేస్తోంది. ఎముకల పొడిలో ఎక్కువగా ఉండేది భాస్వరం. మందారానికి అది కొద్దిగా చాలు, పొటాష్ ఎక్కువ కావాలి. భాస్వరం పేరుకుపోతే వేళ్లు ఇనుమును సరిగా తీసుకోలేవు. బోరునీళ్లలోని సున్నం దానికి తోడవుతుంది. చిగురాకులో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్యభాగం పసుపుబారితే అది ఇనుము లోపమే. వేళ్లు సులువుగా తీసుకోగలిగే రూపంలో ఇనుము ఉండే ఐరన్ చీలేటును ప్యాకెట్ మీది మోతాదులో నీళ్లలో కలిపి పోయండి. నెలకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేస్తూ, వీలైనప్పుడు వాననీళ్లు పట్టి పోయండి. మందారం కొత్త చిగుళ్ల కొసనే పూస్తుంది కనుక కత్తిరింపు అవసరమే గానీ ఈ ఎండల్లో కాదు, తొలకరి పడ్డాక మూడో వంతు కత్తిరించండి.

ప్రశ్న: చలికాలంలో మందారాన్ని బయటే ఉంచవచ్చా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఆకులు నిగనిగలాడే మన మందారమైతే మంచుకు బతకదు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టండి. మొదట్లో ఆకులు రాలితే భయపడి నీళ్లు ఎక్కువ పోయకండి. వెలుతురు తగ్గినందుకు అలా రాలుస్తుంది. హీటరు పొడిగాలికి ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి పడుతుంది కాబట్టి వారానికోసారి ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో కడగండి.