మౌళిక సంఖ్యా, ప్రధాన సంఖ్యా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఒడియా మాధ్యమంలో చదువుతున్న మా అబ్బాయి ఇంట్లో తెలుగులో లెక్కలు రాసుకుంటూ, "12345679 మౌళిక సంఖ్య కాదు, దీని గుణనీయకాలు 37, 333667" అని రాశాడు. ఈ మాటలు తెలుగులో చెల్లుతాయా? ప్రధాన సంఖ్య అని దిద్దబోతే, "అది ముఖ్యమైన సంఖ్యా?" అని అడుగుతున్నాడు.

సమాధానం: లెక్కలో తప్పు లేదు. 37ను 333667తో గుణిస్తే కోటి ఇరవై మూడు లక్షల నలభై అయిదు వేల ఆరు వందల డెబ్బై తొమ్మిది వస్తుంది. ఆ రెండింటినీ ఇంకా చిన్న సంఖ్యల లబ్ధంగా విడదీయలేము, అంటే అవి ప్రధాన సంఖ్యలు.

ఇక మాటల సంగతి. మూల శబ్దం నుండి పుట్టినది మౌలిక. సంస్కృతంలోని జల, ఫల, మూల శబ్దాలను ఒడియావారు జళ, ఫళ, మూళ అని ళకారంతో రాస్తారు కనుక వారికి మౌళిక సాధువే. తెలుగులో మాత్రం లకారమే ఉండాలి. ళకారం పెడితే చంద్రమౌళిలోని మౌళి, అంటే శిరస్సు, స్ఫురిస్తుంది. ఈ పొరపాటు సరిహద్దుకు ఇవతల పత్రికల్లోనూ కనిపిస్తుంది కనుక పిల్లవాణ్ణి తప్పుపట్టనవసరం లేదు.

అతని ప్రశ్న నాకెంతో నచ్చింది. ప్రధానమంటే ముఖ్యమైనదనే అర్థమే నేడు వాడుకలో నిలిచింది గాని, సాంఖ్య దర్శనంలో ప్రధానమంటే మూలప్రకృతి, పురుషుడు తప్ప తక్కిన తత్త్వాలు దేనినుండి పుడతాయో అది. ఒకటి కంటె పెద్దదైన ప్రతి పూర్ణసంఖ్యా ప్రధాన సంఖ్య అయినా కావాలి, ప్రధాన సంఖ్యల గుణకారంతో ఏర్పడినదైనా కావాలి. అందువల్ల ఒడియావారి మౌళిక, మన ప్రధాన చెప్పే భావం ఒక్కటేనని అతనికి వివరించవచ్చు. ప్రధాన సంఖ్యల గుణకారంతో ఏర్పడిన సంఖ్యలకు వారు వాడే యౌగిక, మనం వాడే సంయుక్త కూడా ఒకే యుజ్ ధాతువునుండి వచ్చినవే.

గుణనీయకాన్ని మాత్రం తెలుగులోకి తీసుకోవద్దని నా అభిప్రాయం. మనకు గుణకం, గుణిజం ఇదివరకే వేర్వేరు అర్థాల్లో ఉన్నాయి. పక్కన గుణనీయకం కూడా చేరితే పిల్లలు తికమకపడతారు. దానికి బదులు మన కారణాంకం చక్కని మాట: ఒక సంఖ్య ఏర్పడడానికి కారణమైన అంకె అనే భావం అందులోనే ఉంది. 1, ఆ సంఖ్య కూడా కారణాంకాలే కనుక మీ అబ్బాయి వాక్యం ఇలా ఉండాలి: "12345679 ప్రధాన సంఖ్య కాదు, దీని ప్రధాన కారణాంకాలు 37, 333667."

యుగ్మ, అయుగ్మ అని కూడా బడిలో వింటాడు. ఇంట్లో సరి, బేసి అనండి. శివుణ్ణి బేసికంటి అని పిలుచుకున్న భాష మనది.

ఆ సంఖ్యలోని అంకెలన్నీ కూడితే 37 వస్తుంది, అది దాని కారణాంకమే. అంకెల మొత్తంతో శేషం లేకుండా భాగింపబడే ఇటువంటి సంఖ్యలకు, మహారాష్ట్రలోని దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ హర్షద సంఖ్యలని పేరుపెట్టారు. హర్షాన్ని ఇచ్చేది హర్షద. ఈ మాటను మీ అబ్బాయి రెండు భాషల్లోనూ నిస్సంకోచంగా రాసుకోవచ్చు.