తాతగారి పాత జీటర్ ట్రాక్టర్‌కి ధర ఎలా కడతారు?

మీరు అడిగింది ఇది: తాతగారు 1970ల్లో కొన్న హెచ్‌ఎంటీ జీటర్ 2511 ఏళ్లుగా షెడ్డులోనే ఉంది, పాత ఇనుము వాడు కేజీల లెక్కన అడుగుతున్నాడు, వింటేజ్ బండి కదా ఇంకా ఎక్కువ రాదా అని. మా బాబాయి గోదావరి జిల్లాల్లో పాత ట్రాక్టర్లు కొని, బాగుచేయించి అమ్ముతాడు. బేరాలకి ఆయన వెంట బాగానే తిరిగాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

ముందు ఇనుము వాడి రేటు రాసిపెట్టుకోండి, అంతకంటే తక్కువకి ఇవ్వాల్సిన పని లేదు. ఆ పైన ఎంత వస్తుందన్నది బండి నడుస్తుందా, సామాన్లు దొరుకుతాయా, కాగితాలు ఉన్నాయా అన్నదాని మీదే ఉంటుంది. పాతదనం మీద మోజుతో ట్రాక్టర్ కొనేవాళ్లు మన దగ్గర చాలా తక్కువండీ. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా 50 ఏళ్లు దాటిన బైకులకీ కార్లకీ తప్ప ట్రాక్టర్లకి వర్తించదు. ఇంగ్లండులో పాత ట్రాక్టర్లకి క్లబ్బులు, ప్రదర్శనలు ఉన్నాయి, అయినా అక్కడ కూడా టీఈ20 ఫెర్గూసన్ లాంటివి 5 లక్షలకి పైగా తయారయ్యాయి కాబట్టి పాతది అన్నంత మాత్రాన ఎవరూ ఎగబడరు.

బాబాయి ఏ బండి దగ్గరకి వెళ్లినా మొదట బానెట్ మీద చెయ్యి వేస్తాడు. వెచ్చగా ఉంటే ఆ పూట బేరం లేదు, చల్లారాక మళ్లీ వస్తానంటాడు. ఎందుకంటే చల్లటి ఇంజను ఎలా స్టార్ట్ అవుతుందన్నదే అసలు పరీక్ష, అమ్మేవాళ్లు మనం వచ్చేలోపే ఒకసారి తిప్పి ఉంచుతారు. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూస్తాడు, అక్కడ నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే ఇంజను లోపలి రింగులు, లైనర్లు అరిగిపోయినట్టే, ఆ ఖర్చంతా ధరలోంచి కోసేస్తాడు. తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్. మా వైపు దమ్ములో తిరిగిన బండ్లకి ఇది తప్పనిసరి, ఎందుకంటే కేజ్ వీల్స్ (బురదలో దిగబడకుండా వేసే ఇనుప చక్రాలు) వేసి బురదలో తిప్పీ తిప్పీ సీళ్లు పోయి లోపలికి నీళ్లు చేరతాయి. ఒకచోట కొత్త రంగుతో, కొత్త సీటుతో బండి మెరిసిపోతోంది, ఆయిల్ చూస్తే అచ్చం పాలు ఎక్కువైన టీ. బేరింగులు ఏ స్థితిలో ఉన్నాయో ఇప్పకుండా తెలియదు కదా, ఆయన ధర కూడా చెప్పకుండా వచ్చేశాడు.

అందుకే అమ్మే ముందు రంగు వేయించకండి, దయచేసి. కొత్త పెయింట్ చూడగానే కొనేవాడికి అనుమానం వస్తుంది, పైగా ఛాసిస్ నంబర్ మీద రంగు పడితే దాన్ని గీకి చూపించే టెన్షన్ మీకే. దుమ్ము దులిపి, ఉన్న రేకుల్ని ఉన్నట్టే ఉంచండి.

జీటర్ రెండు సిలిండర్ల బండి, డీజిల్ తక్కువ తాగుతుందని పేరుంది. కానీ ప్రభుత్వ సంస్థ అయిన హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసెయ్యాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది, సామాన్ల కోసం ఆటోనగర్లో వెతుక్కోవాలి. అదే మాసీ ఫెర్గూసన్ కంపెనీ 1035 ట్రాక్టర్ అయితే చిన్న టౌనులో కూడా పార్టులు, పనివాళ్లు దొరుకుతారు, కాబట్టి అంతే పాతదైనా దానికే ఎక్కువ పలుకుతుంది. వెనక టైర్ల సంగతి కూడా చూడండి, కొత్త జత ఖరీదు బాగా ఎక్కువ, అరిగిపోయి ఉంటే ఆ మేరకు తగ్గించే అడుగుతారు.

ఇక కాగితాలు. ఆర్‌సీ తాతగారి పేరు మీదే ఉంటే ముందు వారసుల పేరుకి మార్పించాలి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, ఆ తర్వాత రెన్యువల్ చేయించారో లేదో చూడండి. అప్పుడెప్పుడో తీరిపోయిన బ్యాంకు లోను ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఆర్టీఓ ఆఫీసులో తీయించండి. బండి ఎంత బాగున్నా ఆర్‌సీ లేకపోతే చాలామంది పార్టుల రేటే ఇస్తామంటారు.

ఏళ్లుగా ఆగిన ఇంజను కాబట్టి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేయకండి. మెకానిక్‌ని పిలిచి, ఇంజెక్టర్లు తీయించి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోయించి చేత్తో తిప్పించండి. అది తిరిగితే స్టార్ట్ చేయించి చూపించే అమ్మండి, ఆ మెకానిక్ కూలి ధరలో వచ్చేస్తుంది. ట్రక్కు (ట్రాక్టర్ వెనక తగిలించే ట్రైలర్) కూడా ఉంటే ఒకే బేరంలో కలపొద్దు, దాని నంబరు వేరు, కాగితాలు వేరు, కొనేవాళ్లు కూడా వేరే దొరుకుతారు.