వీడియో పాఠాలు చూసి గోల్ఫ్ స్వింగ్ బాగుచేసుకోవచ్చా, కోచ్ దగ్గరికే వెళ్ళాలా? నెల రోజులుగా డ్రైవర్‌తో (బంతిని అన్నిటికంటే దూరం కొట్టే గోల్ఫ్ కర్ర) కొడుతున్నాను, బంతి కుడివైపుకే వంగిపోతోంది.

చేసుకోవచ్చు. కానీ మీకు పనికొచ్చే వీడియో యూట్యూబ్‌లో దొరకదు, మీ స్వింగ్‌ను మీరే తీయించుకోవాలి. అదీ ఎక్కడ నిలబడి తీస్తున్నారో చూసుకుని తీయించుకోవాలి. ఈ రెండో ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. మూడు వారాలు పోయాక, నడుం పట్టేశాక తెలిసింది.

నాకు ఈ పిచ్చి నలభై దాటాక పట్టింది. గోల్కొండ దగ్గర నయాఖిలాలో ‘హథియాన్ కా ఝాడ్’ అనే పెద్ద బవోబాబ్ చెట్టు ఉంది కదా, దాన్ని పిల్లలకు చూపిద్దామని వెళ్ళాను. పాత కోట గోడల పక్కన పచ్చటి గడ్డి, టోపీలు పెట్టుకుని తీరిగ్గా నడిచే మనుషులు. పిల్లలు చెట్టు చూశారు, నేను గోల్ఫ్ చూశాను.

మొదటి ఆరు నెలలు నా గురువులందరూ ఫోన్‌లోనే ఉండేవారు. ఒకాయన ఎడమ చెయ్యి నిటారుగా ఉంచమంటాడు, ఇంకొకాయన వదిలెయ్యమంటాడు. ‘ఈ ఒక్క చిట్కాతో 30 గజాలు అదనం’ అని అందరూ అంటారు. నేను పాటించిన చిట్కాలన్నీ కూడితే గచ్చిబౌలిలో కొట్టిన బంతి శంషాబాద్‌లో పడాలి. అసలు అమెరికా గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ చూడండి. క్లబ్బు (అదే, గోల్ఫ్ కర్ర) పైకి వెళ్ళేది ఒక దారి, మెలిక తిరిగి కిందికి వచ్చేది ఇంకో దారి. అలా కొట్టమని ఏ వీడియో గురువూ చెప్పడు. ఆయన 2003లో గోల్ఫ్ యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండ్‌ను 58 దెబ్బల్లోనే ముగించాడు (గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప).

సరే, నా కథకు వస్తాను. నా బంతి కూడా కుడికే పోయేది. ఒక మే నెల ఆదివారం బావమరిదిని వెంటబెట్టుకుని డ్రైవింగ్ రేంజ్‌కు (బంతులు కొట్టి సాధన చేసే మైదానానికి) వెళ్ళి, ‘వెనక నిలబడి వీడియో తియ్యరా’ అన్నాను. ఎండ మాడిపోతోంది. పైన రేకుల షెడ్డు, నా వెనక కొంచెం ఎడమ పక్కగా ఒక స్తంభం, దానికో ఫ్యాన్. వాడు తిన్నగా ఆ ఫ్యాన్ కిందికి చేరాడు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో మజ్జిగ ప్యాకెట్. ‘కొట్టు బావా, వస్తోంది’ అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే, క్లబ్బును వెనక్కి తీసే మొదటి అడుగులోనే అది ఒంటికి దూరంగా, బయటికి పోతోంది. దొంగ దొరికాడనుకున్నాను. ఇక రోజూ పొద్దున ఆరింటికి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద క్లబ్బును ఒంటికి చుట్టుకుంటున్నట్టు లోపలికి లాగడమే పని. (‘టెర్రస్ బట్టలు ఆరేసుకోవడానికి మాత్రమే’ అని అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పడింది. వినాయక చవితికి అదే టెర్రస్ మీద అర్ధరాత్రి దాకా డీజే పెట్టినవాళ్ళు దానికి చప్పట్ల బొమ్మలు పెట్టారు.) మూడు వారాల తర్వాత రేంజ్‌కు వెళ్తే బంతి ఇంకా దారుణంగా వంగింది. కుడి పక్క మ్యాట్ మీద ఆడుతున్న పెద్దాయన ముందు నుంచి రెండుసార్లు దూసుకుపోయింది. ఆయన ఏమీ అనలేదు. తన బంతుల బకెట్ తీసుకుని నాకు ఎడమవైపు మ్యాట్‌కు మారిపోయారు.

ఆ రాత్రి నిద్ర పట్టక పాత వీడియోను ఆపి ఆపి చూస్తుంటే కాళ్ళ దగ్గర మ్యాట్ అంచు కంటపడింది. చేతుల సూటిలో వెనక నుంచి తీస్తే ఆ అంచు దాదాపు నిలువుగా కనబడాలి. నా వీడియోలో అది ఏటవాలుగా ఉంది. అంటే కెమెరా నా వీపు వైపు నుంచి ఓరగా చూస్తోంది. అక్కడి నుంచి చూస్తే, కెమెరాకు దగ్గరగా వచ్చే క్లబ్బు కొన బయటికి పోతున్నట్టే కనబడుతుంది, సరైన దారిలో ఉన్నా సరే. ఒక్క ఫ్యాన్ గాలి కోసం, లేని జబ్బుకు మూడు వారాలు మందు మింగాను!

తర్వాత ఫోన్‌ను చేతుల ఎత్తులో, సరిగ్గా చేతుల వెనక స్టూలు మీద నిలబెట్టి తీశాను. అసలు జబ్బు కిందికి దిగేటప్పుడు ఉంది. నడుం కదలకముందే కుడి భుజం ముందుకు దూకుతోంది. నేను క్లబ్బును లోపలికి లాగిన కొద్దీ ఆ భుజం ఇంకా ఎక్కువ దూకింది, వంపు ఇంకా పెరిగింది.

బంతిని తాకే క్షణం కోసం మాత్రం వీడియోలో వెతక్కండి. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు. నాలాంటివాడు డ్రైవర్ ఊపినా క్లబ్బు తల గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య మీటరు పైనే దాటిపోతుంది. బంతికీ క్లబ్బుకూ ఉండే స్పర్శ సెకనులో రెండు వేలో వంతు. స్లోమోషన్‌లో 240 ఫ్రేములు పెట్టినా అది చిక్కితే అదృష్టమే.

మన ఊరివాళ్ళకు ఇంకో శాపం ఉంది, క్రికెట్. అజహరుద్దీన్, లక్ష్మణ్ మణికట్టు చూసి పెరిగాం. ఆఫ్ స్టంప్ అవతలి బంతిని లెగ్ సైడ్‌కు తిప్పడమే కళ అనుకుంటాం. గోల్ఫ్ బంతి ఎక్కడికీ పోదు, మనకోసం కూర్చునే ఉంటుంది, అయినా మన భుజమూ మణికట్టూ ఆగవు. హైదరాబాద్‌లో సగం స్వింగులను చెడగొట్టింది గల్లీ క్రికెట్టేనని నా గట్టి నమ్మకం. ఈ సంగతి ఆ ఇంగ్లిష్ వీడియోల వాళ్ళకు ఏం తెలుస్తుంది?

కోచ్ అంటారా, ఒకాయన దగ్గర నాలుగు క్లాసులు తీసుకున్నాను. సగం సేపు ఫోన్‌లోనే మాట్లాడేవాడు. మిగతా సగంలో ‘తల లేపకండి సార్’ అనేవాడు. మంచివాళ్ళూ ఉంటారు, నాకు తగల్లేదు.

మీరు ముందు డ్రైవర్‌ను పక్కన పెట్టండి. దాని ముఖం నిలువుగా ఉంటుంది కాబట్టి చిన్న తప్పుకే బంతి బాగా వంగుతుంది. సెవెన్ ఐరన్‌తో (ముఖం వాలుగా ఉండే, డ్రైవర్ కన్నా పొట్టి క్లబ్బు) పది బంతులు కొట్టి, ఫోన్ ఎక్కడ పెట్టాలో చెప్పాను కదా, అక్కడ పెట్టి తీసుకోండి. కిందికి దిగేటప్పుడు ముందు కదిలింది నడుమా, భుజమా అన్నది ఒక్కటే చూడండి. మిగతా చిట్కాలన్నీ తర్వాత. నా బంతి ఇప్పటికీ కొంచెం కుడికే వంగుతుంది. కాకపోతే ఆ పెద్దాయన మళ్ళీ తన పాత మ్యాట్‌కు వచ్చేశారు.