ఆటలో పక్కింటివాళ్లు నిజంగా పక్కింటివాళ్లేనా? తొమ్మిదేళ్లుగా ఆడుతున్నదాన్ని, నా అనుభవం చెప్తాను

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రొద్దుటూరులో అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు, నాన్నగారు పోయి మూడేళ్లయింది, మీకు హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మ రాత్రి పదకొండు దాటినా ఫోన్లో హే డే అనే సేద్యం ఆట ఆడుతూ కూర్చుంటున్నారని, పడుకోమంటే 'మా పక్కింటామె బోటు నింపాలి, మాటిచ్చాను' అంటున్నారని, ముఖం కూడా తెలియని మనుషులు పక్కింటివాళ్లు ఎట్లా అవుతారని, ఆ ఆటలో అంతగా ఏముందని, ఫోన్ లాక్కోవాలా అని అడిగారు. లాక్కోవద్దు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మాది మైదుకూరు దగ్గర పల్లె. కేసీ కాలువ కింద వరి, పసుపు. పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు అక్కడే ఉన్నాం. సాయంత్రమైతే వీధిలో ఆడవాళ్లందరం ఎవరో ఒకరి అరుగు మీద చేరేవాళ్లం, ఒకరి చేతిలో చేట, ఇంకొకరి ఒళ్లో పూలు, మాటలు మాత్రం అందరివీ. పాలు తోడు వేయడానికి చెంచా పెరుగు, ఉన్నట్టుండి చుట్టాలొస్తే గ్లాసుడు చక్కెర, ఇవి అడగడానికి ఎవరూ మొహమాటపడేవాళ్లు కాదు. పసుపు తవ్వే రోజుల్లో ముయ్యికి పోయేవాళ్లం, అంటే ఈరోజు నేను నీ చేలో పని చేస్తే రేపు నువ్వు నా చేలో చేస్తావు, మధ్యలో కూలి డబ్బుల మాట రాదు. 2015లో పిల్లల చదువు కోసం కడపకు వచ్చేశాం. ఎర్రముక్కపల్లె వైపు, మూడో అంతస్తులో బాడుగ ఇల్లు. ఆయన కువైట్‌లో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తారు. పిల్లలు పొద్దున ఏడున్నరకు పోతే మళ్లీ సాయంత్రం ఆరుకే. ఎదురింటివాళ్లు మంచివాళ్లు, కానీ తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది, వాళ్లింటికి పోయి చెంచా పెరుగు అడగడానికి నాకు నోరు రాలేదు, కింద షాపులోనే పెరుగు ప్యాకెట్ దొరుకుతుంటే ఏమని అడుగుతాం? అడగాల్సిన అవసరం పోయాక తలుపు కొట్టడానికి సాకు కూడా పోయింది. మగవాళ్లకు టౌనులో టీ బంకు ఉంది, గంటసేపు నిలబడినా ఎవరూ ఏమీ అనరు. ఆడదానికి గుడి, రేషన్ షాపు క్యూ, అంతే. అక్కడ కూడా పని అయిపోగానే ఇంటికి రావాలి.

2016 చివర్లో జియో సిమ్ము వేసుకున్నాం, అప్పుడు మా పెద్దమ్మాయి నా ఫోన్లో ఈ ఆట పెట్టింది. ఫిన్లాండ్ కంపెనీ సూపర్‌సెల్ 2012లో తెచ్చిన ఆట. మొదట్లో చిన్నపిల్లల ఆటే అనుకున్నాను. గోధుమ రెండు నిమిషాలకు కోతకొస్తుంది, మొక్కజొన్న ఐదు నిమిషాలు, గుమ్మడికాయ మూడు గంటలు. వాన కోసం ఆకాశం వైపు చూడక్కర్లేదు, రేటు పడిపోతుందని గుండె దడ లేదు. చేను చేసి నష్టపోయిన ఇంట్లో పుట్టినదాన్ని, వేసిన విత్తనానికి రెండింతలు కచ్చితంగా చేతికొస్తుంటే చూడటం నాకు ఎంత హాయిగా ఉండేదో మాటల్లో చెప్పలేను. కానీ అదొక్కటే అయితే రెండు నెలల్లో విసుగు పుట్టేది.

అసలు సంగతి బోటు దగ్గర మొదలైంది. ఆటలో మన చేను పక్కన రేవు ఉంటుంది, అక్కడికి బోటు వస్తుంది, ఫలానా సరుకులు ఇన్ని పెట్టెలు నింపమంటుంది, టైము పెడుతుంది. ఒక్కరే అన్నీ నింపడం కష్టం, అందుకని కష్టమైన పెట్టె మీద సాయం కావాలని గుర్తు పెట్టుకోవచ్చు. ఒకరోజు నాకు క్యారెట్ కేకులు అడిగిన పెట్టెలు రెండు మిగిలిపోయాయి, పొయ్యి మీద కూర ఉంది, గ్యాస్ అయిపోవస్తోంది, ఫోన్ పక్కన పడేశాను. అన్నాలయ్యాక తెరిచి చూస్తే రెండు పెట్టెలూ నిండి ఉన్నాయి. ఎవరో వచ్చి నింపి పోయారు. నేను అడిగింది వాళ్లనని కాదు, వాళ్లకు నేనెవరో తెలీదు. అలాగే చెట్లు కొన్ని కోతలయ్యాక ఎండిపోతాయి, వాటిని మనంతట మనం బతికించుకోలేం, ఇంకొకరు వచ్చి చెయ్యి వేస్తేనే మళ్లీ ఒక కాపు కాస్తుంది. ఆ ఆట తయారు చేసినవాళ్లకు మన ముయ్యి గురించి తెలిసి ఉండదు, కానీ పెట్టింది మాత్రం అచ్చంగా అదే. అడగడానికి సాకు, చేయడానికి వీలు, తిరిగి చేయాల్సిన బాకీ. ఆ మూడూ ఉన్న చోట మనుషులు దగ్గరవుతారు, అది అరుగైనా ఫోనైనా.

ఇలాంటి ఆటల్లో పక్కింటివాళ్లు అనే మాట కొత్తదేం కాదు. ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ 2009లో వచ్చినప్పుడు కూడా తోటి ఆటగాళ్లను నైబర్స్ అనే పిలిచేవాళ్లు, వాళ్లు వచ్చి మన పంటకు ఎరువు వేసి పోయేవాళ్లు. అందులో టైముకు కోయకపోతే పంట ఎండిపోయేది, దాంతో జనం అలారం పెట్టుకుని లేచేవాళ్లు, మా తమ్ముడూ అంతే. 2020 డిసెంబరు 31న అది నడిచే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటే మూతపడింది. హే డేలో పంట ఎండదు, పండిన గోధుమ మనం వచ్చేదాకా అట్లాగే నిలబడి ఉంటుంది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, కింద దీంతో పని ఉంది.

ఇప్పుడు మీ అమ్మగారి పదకొండు గంటల సంగతి. హే డేలో నైబర్‌హుడ్ అని ఉంటుంది, అందులో 30 మంది దాకా చేరొచ్చు, మాట్లాడుకోవడానికి చాట్ ఉంటుంది. మా దాంట్లో తొమ్మిది మంది కువైట్‌లో ఉన్న మన ఉమ్మడి కడప జిల్లా ఆడవాళ్లు, రాయచోటి, రాజంపేట వైపు వాళ్లు, ఇళ్లలో పని చేస్తారు. మనకు రాత్రి పదకొండు అయితే అక్కడ ఎనిమిదిన్నర. వంటిల్లు కడిగి, గదిలోకి వచ్చి, చెప్పులు విప్పి ఫోన్ పట్టుకునే టైము వాళ్లకు అదే. మీ అమ్మగారి పక్కింటామె కూడా అట్లాంటి చోటే ఉండి ఉండొచ్చు, ఒకసారి అడిగి చూడండి. నాకైతే ఆ టైములో 'ఏమ్మే, తిన్నావా' అని ఎవరైనా అడిగితే పడుకోబోయే ముందు ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది.

మా పెద్దమ్మాయి ఎంఏ చదువుతోంది, తను చెప్పింది ఒకటి రాస్తాను. రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త ఇల్లు ఒక చోటు, పని ఒక చోటు, ఈ రెండూ కాకుండా మనిషికి మూడో చోటు కావాలి, అక్కడ హోదాలు పక్కన పెట్టి ఊరికే మాట్లాడుకోవాలి అన్నాడట. మన రచ్చబండ, మన అరుగు అదే కదా. తర్వాత 2006లో కాన్‌స్టన్స్ స్టైన్‌క్యూలర్, డిమిత్రి విలియమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఆన్‌లైన్ ఆటలు కూడా అలాంటి మూడో చోట్లే అని రాశారు, అయితే అక్కడ పరిచయాలు బాగా విస్తరిస్తాయి కానీ లోతైన ఆసరా మామూలుగా దొరకదు అన్నారు. మొదటి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రెండోది చాలావరకు నిజమే, మా గ్రూపులో వచ్చిపోయిన వాళ్లలో సగం మంది నాకు గుర్తు కూడా లేరు. కానీ అన్నిసార్లూ నిజం కాదు.

2021 నవంబరు. కడపలో వాన ఆగకుండా పడుతోంది, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ పదకొండు శాతం. 19వ తేదీ తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కింద ఊళ్లు కొట్టుకుపోయాయి. మా నైబర్‌హుడ్‌లో ఒకామె సరిగ్గా ఆ వైపే ఉంటుంది. ఆమె ఊరి పేరు తప్ప ఇంకేమీ తెలీదు మాకు, ఫోన్ నంబరు కూడా లేదు. చాట్‌లో పిలిచాం, పలకలేదు. కువైట్ వాళ్లు ఏడుస్తూ రాస్తున్నారు. ఫిలిప్పీన్స్ ఆమె ఒకరు మాతో ఉంటుంది, తుఫాన్లు చూసిన మనిషి, ఆధార్లు, పాసుపుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండని నాకు రాసింది, ఆ రాత్రి అట్లాగే చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టాను. ఆ నాలుగు రోజులూ నేను చేసిన పని ఒక్కటే, గంటకోసారి ఆమె చేనుకు పోయి చూడటం. ఆటలో ఎవరి చేనుకైనా పోయి చూడొచ్చు. పండిన గోధుమ అట్లాగే నిలబడి ఉంది. కోళ్లు అక్కడే ఉన్నాయి. బోటు వచ్చి ఉంది, పెట్టెలు ఖాళీ. ఐదో రోజు పొద్దున ఆరున్నరకు చూస్తే గోధుమ కోసేసి ఉంది, మడుల్లో కొత్తగా మొక్కజొన్న మొలకలు. నేను వంటింట్లో నిలబడే పెద్దగా అరిచాను, పిల్లలు లేచి వచ్చారు. ఆమె నుంచి మెసేజ్ వచ్చింది ఆ తర్వాత ఇరవై నిమిషాలకు. రాజంపేటలో చుట్టాలింట్లో ఉందట, మనుషులు క్షేమం, రెండు బర్రెలు పోయాయి, ఇంట్లో సామాన్లేమీ మిగల్లేదు.

తర్వాత పదకొండు మందిమి కలిసి చీరలు, దుప్పట్లు, గిన్నెలు, ఒక స్టవ్వు సమకూర్చాం. మా మరిదిని వెంటబెట్టుకుని నేనే తీసుకుపోయాను. ఆమె ముఖం చూడటం అదే మొదటిసారి. వాకిట్లోకి రాగానే 'నువ్వేనా క్యారెట్ల అక్కా' అంది, అంటే మొదట్నుంచీ నేను క్యారెట్లే ఎక్కువ వేస్తానని. నన్ను పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది చాలాసేపు. ముఖం తెలియని వాళ్లు పక్కింటివాళ్లు ఎట్లా అవుతారని మీరడిగారు కదా, నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

ఇక జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే మీకు సగమే చెప్పినట్టు. మా గ్రూపులోకి వచ్చిన ఒక మనిషి మూడు నెలలు చక్కగా అందరి బోట్లూ నింపి, ఆ తర్వాత బిడ్డ ఆసుపత్రిలో ఉందని ఒకామె దగ్గర ఎనిమిది వేలు వేయించుకుని మాయమయ్యాడు. ఆ డబ్బు ఆమె చీటీ పాటకు దాచుకున్నది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అప్పట్నుంచీ కళ్లతో చూడని మనిషికి రూపాయి పంపకూడదు అనేది మా దగ్గర నియమం, వరద సాయం కూడా అందుకే చేతికిచ్చి వచ్చాం. అమ్మగారికి ఇది గట్టిగా చెప్పండి. ఫోన్లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టండి, ఆటలో వజ్రాలు అమ్ముతారు, పొరపాటున వేలు తగిలినా ఖర్చే. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివి వేరే సంగతి, వాటిని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది, వాటి వల్ల కొంపలు కూలడం మన వీధుల్లోనే చూశాం. మీరు టెన్షన్ పడాల్సింది అలాంటివి అమ్మ ఫోన్లో కనిపిస్తే.

జబ్బు ఏమోనని కూడా రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల పట్టికలో చేర్చిన మాట నిజం, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ దానికి ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వదిలేసి ఆటకే మొదటి చోటు ఇవ్వడం, నష్టం జరుగుతున్నా మానకపోవడం ఉండాలి, మామూలుగా ఏడాది పాటైనా. మీ అమ్మగారు వేళకు తింటున్నారా, మాత్రలు వేసుకుంటున్నారా, చుట్టాల పెళ్లికి పిలిస్తే పోతున్నారా చూడండి. పోతుంటే దిగులు పడకండి. నిద్ర మాత్రం నిజమైన ఇబ్బందే, నాకూ ఆ అలవాటుతో కళ్లు మండేవి, ఇప్పుడు పదకొండున్నరకు కచ్చితంగా ఆపేస్తాను, ఆ మాట చాట్‌లో అందరికీ ముందే చెప్పేశాను, ఎవరూ తప్పుగా అనుకోలేదు. అమ్మను కూడా అట్లా చెప్పమనండి, 'ఆపు' అనడం కంటే ఇది పని చేస్తుంది, ఎందుకంటే ఆమె భయం ఆట పోతుందని కాదు, మాట తప్పుతానేమోనని.

ఇంకో పని చేయండి. మీరూ ఈ ఆట పెట్టుకోండి. వారం ఆడండి చాలు. అమ్మను ఆమె చేను ట్యాగ్, అంటే ఆటలో ఆమె గుర్తింపు కోడ్, అడగండి, ఫ్రెండ్‌గా చేర్చుకోండి, ఆమె చేనులో ఏమేం వేశారో, ఎవరెవరు వచ్చి పోతున్నారో ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు అడగండి. మా ఆయన కువైట్ నుంచి ఇదే చేస్తారు, పదిహేను నిమిషాలు చేను సంగతి మాట్లాడాకే ఇంటి సంగతులు వస్తాయి మా మధ్య, ముందు ఆ ఫోన్లలో 'ఇంకేంటి' అన్న తర్వాత మాటే దొరికేది కాదు. గోధుమ, మొక్కజొన్న అడిగే పెట్టెలైతే కొత్తవాళ్లు కూడా నింపగలరు. అమ్మ బోటులో అలాంటిదొకటి సాయం అడుగుతూ కనిపిస్తే నింపండి, ఆమెకు ముందుగా చెప్పొద్దు. బోటు వెళ్లిపోయే టైము స్క్రీన్ మీదే ఉంటుంది, అది చూసుకోండి.