గ్రహణం లేని రోజు రోకలి

తమ్ముడూ,

నువ్వు ఆన్‌లైన్‌లో రాసి పంపిన సైన్సు వ్యాసాలన్నీ చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు, ఇంట్లో పెళ్ళి పనులు. నీ భాష బాగుంది, చదివించే గుణం ఉంది. ఆ మాట ఒక్కసారే చెప్తాను, ఎందుకంటే మెచ్చుకోళ్ళు నీకు లైకుల రూపంలో ఎలాగూ అందుతున్నాయి. నీకు లేనిదల్లా "ఇదెక్కడిది, ఎలా తెలిసింది" అని అడ్డుపడే సబ్ ఎడిటరు. పేపరాఫీసులో నాకు అలాంటివాళ్ళు దొరికారు. ఆన్‌లైన్‌లో రాసేవాళ్ళకు ఆ భాగ్యం లేదు. అందుకని ఈ ఉత్తరంలో ఆ పని నేను చేస్తాను.

గ్రహణం వ్యాసంతో మొదలుపెడదాం. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టే ముచ్చట, గ్రహణం పూట మాత్రమే అది నిలబడుతుందని నమ్మకం. గ్రహణం వచ్చినప్పుడల్లా మన టీవీలు ఏదో ఒక ఊళ్ళో నిలబడ్డ రోకలిని చూపిస్తూనే ఉంటాయి. నువ్వు "ఈ కాలంలో కూడా ఇంత అజ్ఞానమా!" అని అందుకున్నావు. ఆ తర్వాత గరిమనాభి (వస్తువు బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) గురించి రాసిందంతా సరిగ్గానే ఉంది, పాఠ్యపుస్తకంలో ఉన్నంత సరిగ్గా. కానీ ఆ రోకలి పెట్టిన పెద్దమ్మ నీ వ్యాసం చదివితే ఏమంటుంది? "నేను కళ్ళారా చూశాను, కాదనడానికి వీడెవడు?" అంటుంది. ఆవిడ చెప్పేది నిజమే కదా! రోకలి నిలబడింది. నువ్వు వెక్కిరించింది ఆవిడ చూసిన నిజాన్ని. ఆవిడ చేయని పని ఒక్కటే, ముందు రోజు కూడా అదే రోకలిని నిలబెట్టి చూడటం.

నువ్వు రాయాల్సింది అక్కడ. "ఇవాళ గ్రహణం లేదు. మీ ఇంట్లో రోకలి తీసుకుని ఇప్పుడే నిలబెట్టండి. నీళ్ళతో ఒకసారి, నీళ్ళు లేకుండా ఒకసారి." అంతే. కింద పొన్ను (ఇనుప కట్టు) అరిగిపోకుండా చదునుగా ఉన్న రోకలైతే నిలబడుతుంది, కాస్త ఓపిక కావాలి. గ్రహణం రోజున ఆ ఓపిక అందరికీ ఉంటుంది, మామూలు రోజున రోకలి నిలబెట్టి చూడాల్సిన అవసరం ఎవరికి? ఈ రహస్యంలో సగం అదే. లెక్క కూడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మీటరు పొడవు, ఆరు సెంటీమీటర్ల వెడల్పు అడుగు ఉన్న రోకలి, పైనా కిందా ఒకే లావు అనుకుంటే, మూడు డిగ్రీలకు పైగా వాలితే తప్ప పడదు. మూడు డిగ్రీలంటే చేత్తో సర్దడానికి కావలసినంత వెసులుబాటు.

"సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వచ్చి లాగుతారు కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న, కసురుకోకు. ప్రతి అమావాస్యకూ వాళ్ళిద్దరూ దాదాపు అదే వరసలోకి వస్తారు. మరి ప్రతి అమావాస్యకూ రోకళ్ళు నిలబడాలిగా? పైగా వాళ్ళిద్దరి లాగుడు వల్ల మన బరువులో వచ్చే తేడా కోటిలో రెండు వంతులు కూడా ఉండదు. ఈ అంకెను ముందు చెప్తే ఎవరికీ పట్టదు. అమావాస్య మాట ముందు చెప్పి, అంకె తర్వాత చెప్పు.

ఇంకో సంగతి. గ్రహణం భయాన్ని మొత్తంగా కొట్టిపారేశావు. అందులో ఒక భయం సరైనదే. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి లోపలి పొర రెటీనా కాలుతుంది, రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్నట్టు కూడా తెలియదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ తెలంగాణ మీదుగా పోయింది. హైదరాబాదుకు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా వాళ్ళు దాన్ని పరిశీలించారు. ఆ పూట జనం తలుపులు వేసుకుని కూర్చున్నారని ఇప్పటికీ నవ్వుతారు. నేను నవ్వను. వాళ్ళకు చూడొద్దని చెప్పినవాళ్ళే ఎక్కువ, ఎలా చూడాలో చెప్పినవాళ్ళు తక్కువ.

ఇంత సేపు రోకలి దగ్గరే ఎందుకు ఆగానంటే, నీ టీకా వ్యాసంలో తప్పు కూడా ఇక్కడిదే. "95 శాతం పని చేస్తుంది, అంటే వేసుకున్న వందమందిలో ఐదుగురికి కోవిడ్ వస్తుంది" అని రాశావు. అది కాదు. 2020లో ఫైజర్ టీకా పరీక్షలో సుమారు 43 వేల మంది పాల్గొన్నారు. సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సెలైన్. రెండో డోసు పడి వారం గడిచాక లెక్క మొదలుపెడితే మొత్తం 170 మందికి జబ్బు వచ్చింది. సెలైన్ వేసుకున్నవాళ్ళలో 162 మంది, టీకా వేసుకున్నవాళ్ళలో 8 మంది. 162 రావలసిన చోట 8 వచ్చాయి, ఆ తగ్గుదలే 95 శాతం. సుమారు రెండు నెలల ఆ కాలంలో సెలైన్ గుంపులో కూడా జబ్బు వచ్చినవాళ్ళు నూటికి ఒకరి కంటే తక్కువే.

సెలైన్ వేసుకున్న గుంపే గ్రహణం లేని రోజు. ఆ గుంపు లేకపోతే 8 అనే అంకెకు అర్థం లేదు. రోకలి వ్యాసం సరిగ్గా రాసి ఉంటే టీకా వ్యాసం చదివే పాఠకుడికి ఈ సంగతి సగం ముందే తెలిసిపోయి ఉండేది. ఏ అంకె కనపడినా, ఏ వింత కనపడినా "దేనితో పోలిస్తే?" అని అడగడం అతనికి అలవాటు కావాలి. నాకు ఇన్నేళ్ళలో దీనికి మించిన పని మన చేతుల్లో ఉందనిపించలేదు. బ్లాక్ హోళ్ళు, క్వాంటమ్ గొడవలు చదువుతారు, ఆశ్చర్యపోతారు, మర్చిపోతారు. ఈ ప్రశ్న మాత్రం మందుల షాపులో పనికొస్తుంది, ఎరువుల కొట్టులో పనికొస్తుంది.

పారిభాషిక పదాల గురించి అడిగావు. చదివేవాళ్ళు ఏ మాట వాడుతున్నారో అదే రాయి, ముందుకు పద. దాని మీద పోట్లాడుకునేవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు. వ్యాసం ఎంత పొడవుండాలన్న బెంగ కూడా వద్దు.

కానీ వాక్యం గురించి బెంగ పెట్టుకో. ఆన్‌లైన్‌లో నీ వ్యాసం మొత్తం ఎక్కడికీ పోదు. దాంట్లోంచి ఒక ముక్క స్క్రీన్‌షాట్ అయి ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతుంది. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి బాగా దగ్గరగా, సుమారు 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 75 రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి పున్నమి చంద్రుడు కనిపించేంత పెద్దగా కనిపిస్తాడని అప్పట్లో ఒక ఈమెయిల్ తిరిగింది. అది సరైన మాటే. అయితే 75 రెట్ల మాట ఒక పంక్తిలో, చంద్రుడంత అనే మాట కింది పంక్తిలో పడ్డాయి. మొదటి పంక్తి ఎక్కడో జారిపోయింది. అప్పట్నుంచీ ఆగస్టు వచ్చిందంటే చాలు, ఆకాశంలో ఇద్దరు చంద్రులు. రాసినవాడు అబద్ధం రాయలేదు, విడిపోయేలా రాశాడు. షరతునూ ఫలితాన్నీ ఒకే వాక్యంలో, విడదీస్తే అర్థం లేకుండా పోయేలా కట్టెయ్. నీ టీకా వ్యాసంలో "అయితే ఇది రెండు నెలల లెక్క మాత్రమే" అని రెండు పేరాల తర్వాత రాశావు చూడు, అలాంటిదే ముందు జారిపోయేది.

మందుల పరిశోధకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి మీద రాసింది చదివి కాస్త నొచ్చుకున్నాను. ఆయన మీద అభిమానం నాకూ ఉంది. కానీ "టెట్రాసైక్లిన్ కనిపెట్టిన తెలుగోడు, నోబెల్ ఎగ్గొట్టారు" అనే ఫార్వర్డుకు నువ్వు ఇంకో నాలుగు విశేషణాలు తగిలించావు, అంతే. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను వేరు చేసింది బెంజమిన్ డగ్గర్. ఆ పని జరిగిన లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించింది సుబ్బారావు. ఇలా చెప్తే ఆయన తగ్గిపోతాడా? నాకైతే అసలు కథ వేరే చోట ఉందనిపిస్తుంది. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని బయటపెట్టారు. నీలం ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. తెలిసిన మోతాదు కలిపిన ద్రావణం పక్కన పెట్టి, రంగులు పోల్చి చూడటం. భీమవరంలో పుట్టిన మనిషి బోస్టన్‌లో ఒక నీలం రంగు పక్కన ఇంకో నీలం రంగు పెట్టి చూస్తూ కూర్చున్నాడు. అది రాయవయ్యా! ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో శక్తిని నిలవ చేసే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని వాళ్ళకు దొరికింది.

ఫాస్ఫరస్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆన్‌లైన్‌లో రాసే సైన్సుకు విలువేముందని మీ ప్రొఫెసర్ అన్నారన్నావు కదా. 2010 డిసెంబర్ 2న నాసా ప్రెస్‌మీట్ పెట్టి, కాలిఫోర్నియాలో మోనో సరస్సు నుంచి తెచ్చిన ఒక బ్యాక్టీరియా ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్‌తో డీఎన్ఏ కట్టుకుంటోందని ప్రకటించింది. ప్రపంచమంతా పతాక శీర్షికలు. రెండు రోజులకే కెనడాలో రోజీ రెడ్‌ఫీల్డ్ అనే మైక్రోబయాలజిస్టు తన బ్లాగులో ఆ పేపర్ని చీల్చి చెండాడింది. ఘాటుగానే రాసింది, కానీ ప్రతి ఘాటు మాట కిందా ఒక కొలత ఉంది. మీరు వాడిన ద్రావణంలో ముందే కలిసి ఉన్న ఫాస్ఫరస్ ఎంత? ఈ బ్యాక్టీరియా పెరగడానికి అది సరిపోదా? డీఎన్ఏని సరిగ్గా శుద్ధి చేశారా? అక్కడితో ఆగకుండా ఆ బ్యాక్టీరియాను తెప్పించి, తన ల్యాబులో పెంచుతూ, ఏ రోజు ఏం జరిగిందో బ్లాగులోనే రాస్తూ పోయింది. 2012లో ఆ ఫలితం "సైన్స్" పత్రికలోనే వచ్చింది. శుద్ధి చేసి చూస్తే డీఎన్ఏలో ఆర్సెనిక్ భాగమైన జాడ లేదు. మొదటి పేపర్ని ఆ పత్రిక వెనక్కి తీసుకోవడం మాత్రం 2025 జూలైలో జరిగింది, రచయితలు ఒప్పుకోకపోయినా. మీ ప్రొఫెసర్‌కు ఈ తేదీలు చెప్పు.

ఇక నువ్వు రాయబోతున్న ఉద్దానం వ్యాసం, శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బు మీద. ఇది నువ్వు రాయాల్సిందే, ఎందుకంటే అది మీ వైపు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఆ కొబ్బరి తోటల మధ్య ఇళ్ళలో "క్రియాటినిన్ (కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతుంది?" అని అడగడం జ్వరం ఎంతుందని అడిగినంత మామూలు. నీ ముసాయిదా శీర్షిక "ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం". ఆ శీర్షిక తీసెయ్. షుగర్ లేదు, బీపీ లేదు, అయినా పొలం పనులు చేసుకునే మనుషుల కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా చేసే చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదీ అని అందరూ ఒప్పుకున్న కారణం ఒక్కటీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా వాదం తెగలేదు.

తేలలేదని రాస్తే వ్యాసం తేలిపోతుందని నీ భయం. కాదు, అక్కడే నీకు పని ఉంది. ఫలానా ఊరి బోరు నీళ్ళలో సిలికా ఎక్కువుందని ఒక నివేదిక వచ్చిందనుకో. జబ్బు లేని ఊరి బోరులో ఎంతుంది? ఒకే బోరు నీళ్ళు తాగే ఇంట్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే, వాళ్ళ పనుల్లో తేడా ఏమిటి? రక్తపరీక్ష ఒక్కసారే చేశారా, మూడు నెలల తర్వాత మళ్ళీ చేశారా? మే నెల మిట్ట మధ్యాహ్నం తోట పని నుంచి వచ్చిన మనిషి క్రియాటినిన్ ఆ పూట కాస్త పెరిగి ఉండొచ్చు, అది జబ్బు అయి తీరాలని లేదు. కిడ్నీ పని సుమారు సగం తగ్గేదాకా ఆ అంకె మామూలుగానే కనిపించొచ్చు కూడా. రెండు వైపులా మోసం చేసే అంకె అది. ఈ ప్రశ్నలు పాఠకుడి ముందు పరిచి, ఒక్కో అనుమానానికి ఇప్పటిదాకా దొరికిన ఆధారం ఎంతో చెప్పు.

వంశధార నీళ్ళు పైపుల్లో తెస్తున్నారు కాబట్టి నీళ్ళే కారణమని తేలినట్టే అని నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టేశాను. మంచినీళ్ళు ఇవ్వడానికి కారణం తేలాల్సిన పని లేదు. పలాసలో 2023 చివర్లో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి కదా, అక్కడికి వెళ్ళు. డాక్టర్‌ని "కారణమేంటండీ" అని అడగకు, విసుగొచ్చి ఏదో ఒకటి చెప్పి పంపిస్తారు. "ఏ పరీక్ష చేస్తే మీ అభిప్రాయం మారుతుంది?" అని అడుగు.

టీవీ చర్చకు పిలిచారన్నావు. వెళ్ళకపోవడమే మేలు. అరగంటలో నీకు మూడు నిమిషాలిస్తారు, అందులో రెండు నిమిషాలు యాంకరే మాట్లాడతాడు. ఆ పూట సోంపేట బస్సెక్కు.

తప్పు దొరికితే దిద్దుబాటు వ్యాసం పైనే, తేదీ వేసి పెట్టు, అడుగున కాదు. టీకా వ్యాసంతో ఇవాళే మొదలుపెట్టు. ఉద్దానం ముసాయిదా పూర్తయ్యాక ఒక కిడ్నీ డాక్టర్‌కీ, ఆ జబ్బున్న ఇంట్లో చదవగలిగిన ఒకరికీ చూపించి, వాళ్ళు గీత గీసిన ప్రతితో సహా నాకు పంపు. డయాలసిస్ మంచం మీదున్న మనిషి ఫోటో ఆ ఇంటివాళ్ళు సరేనంటేనే పెట్టు. సరేనన్నా, ముఖం కనపడకుండా తీసింది ఉంటే అదే వాడు. క్రియాటినిన్ అంకెల పక్కన యూనిట్లు మర్చిపోయావు, అవి వేసి పంపు.

ఉంటాను,
అక్క