ఫొటోకి ఏం కట్టుకోవాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అక్కా, వచ్చే నెల మా నాన్నగారి షష్టిపూర్తి. ముందు రోజు ఫొటోగ్రాఫర్‌ని ఇంటికే పిలిచి అమ్మానాన్నలవి విడిగా కొన్ని, అందరం కలిసి ఒకటి తీయించుకుందాం అనుకున్నాం. మా చెల్లేమో అందరం ఒకే రంగు వేసుకుందాం అంటోంది. అమ్మేమో పెళ్లి చీరే కట్టుకుంటానని పట్టుబట్టింది, అది నెమలికంఠం రంగు ధర్మవరం పట్టు, ఎర్ర అంచు. నాన్న సంగతి సరేసరి, తెల్ల పంచె తెల్ల చొక్కా తప్ప ఇంకోటి ముట్టుకోరు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మ మాటే వినండి, ఇందులో ఆలోచించేదేముంది! షష్టిపూర్తికి పెళ్లి చీర కట్టుకుంటానంటే వద్దనే హక్కు ఎవరికుంది చెప్పండి. పైగా మీ పని తేలికైపోయింది, ఆ చీర ముందు ఖాయం చేసుకుని మిగతావాళ్లవి దాన్ని బట్టి చూసుకుంటే చాలు. అందరూ ఒకే రంగు అనేది మాత్రం నాకు అస్సలు నచ్చదు, పదిమంది దగ్గర దగ్గరగా కూర్చుంటే ఎవరి భుజం ఎక్కడ అయిపోయిందో ఎవరి చెయ్యి ఎక్కడ మొదలైందో తెలీకుండా బట్టలన్నీ ఒకటే ముద్దయిపోతాయి, పైన తలకాయలు మాత్రం తేలుతుంటాయి. దానికి బదులు గంధం రంగు, మెరూన్, ముదురు ఆకుపచ్చ లాంటివి రెండు మూడు అనుకుని పంచుకోండి. మీ చెల్లికి కూడా ఏదో ఒక ప్లాన్ ఉందన్న తృప్తి ఉంటుంది. చిలకపచ్చ, నియాన్ గులాబీ ఎవరూ వేసుకోకుండా చూడండి, వెలుతురు ఆ బట్ట మీద పడి తిరిగి గడ్డం కింద, మెడ మీద అదే రంగు కొడుతుంది, పక్కన కూర్చున్నవాళ్లకీ అంటుతుంది, తర్వాత ఎడిటింగ్‌లో తీయడం పెద్ద తలనొప్పి.

ఇక నెమలికంఠం సంగతి. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు కాబట్టి ఒక పక్క నుంచి నీలంగా, ఇంకో పక్క నుంచి పచ్చగా మెరుస్తుంది, అదే దాని అందం. కానీ ఎదురుగా ఫ్లాష్ కొట్టారంటే ఆ అందం కాస్తా పోతుంది, జరీ తెల్ల మచ్చలు మచ్చలుగా వచ్చేస్తుంది. అమ్మని కిటికీకి కాస్త పక్కగా కూర్చోబెట్టి తీయమనండి, లైట్ వేయాల్సిందే అంటే పక్క నుంచి, వెలుతురుని మెత్తబరిచే స్టూడియో గొడుగు పెట్టి వేయమనండి. ఇంకోటి, బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చిట్లుతుంది, ఆ గీతలు ఫొటోలో కూడా కనిపిస్తాయి. వారం ముందే తీసి నీడలో ఆరేసి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి, జరీ మీద నీళ్లు చల్లొద్దు. పాత జాకెట్టు పట్టకపోతే అంచులో ఉన్న ఎరుపులోనే మామూలు పట్టు బట్టతో కుట్టించండి, తళతళలాడే టిష్యూ బట్ట మాత్రం వద్దు, చూపంతా దాని మీదకే పోతుంది.

నాన్నగారిని మార్చాలని చూడకండి, అరవై ఏళ్లకి మారతారా ఎవరైనా! తెలుపులోనే మీగడ రంగు పట్టు పంచె, లాల్చీ, మీద కండువా ఇవ్వండి. నీలిమందు పెట్టి ఉతికిన తెలుపు ఫొటోలో నీలంగా కొడుతుంది, పల్చటి లాల్చీ అయితే లోపల బనీను గీత కూడా కనిపిస్తుంది. గంజి పెట్టిన నూలు చీరలు కూడా కూర్చునే ఫొటోలకి ఎవరూ కట్టుకోకండి, నిలబడినప్పుడు బాగానే ఉంటుంది గానీ కూర్చోగానే పొట్ట దగ్గర ఉబ్బి మనిషి రెండింతలు కనిపిస్తుంది. చిన్నపిల్లలకి పట్టు లంగా వేస్తే లోపల మెత్తటి లైనింగ్ ఉందో లేదో చూసుకోండి, జరీ గుచ్చుకుంటోందని ఏడుపు మొదలైతే ఆ రోజు ఫొటో అయినట్టే.

ప్రశ్న: కొత్త ఉద్యోగం కోసం ప్రొఫైల్ ఫొటో దిగాలి. నేను నల్లగా ఉంటాను, లైట్ కలర్ షర్ట్ అయితేనే ముఖం తెల్లగా వస్తుందని అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తెల్లగా రావాలని ఎందుకండీ అసలు, మీలాగే రావాలి గానీ. ఇంకో విషయం, ఆ మాట సగం తప్పు కూడా. ఫొటోలో సగం తెల్ల చొక్కానే ఉంటే ఫోన్ కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది, దాంతో మీ ముఖం ఇంకా చీకటిగా వస్తుంది. స్క్రీన్ మీద ముఖం దగ్గర వేలితో నొక్కి తీస్తే కొంత నయం. మెరూన్, నేవీ బ్లూ, ముదురు ఆకుపచ్చ, ఆవపిండి పసుపు మీ చాయకి భలే ఉంటాయి, ఒకసారి వేసుకుని కిటికీ ముందు సెల్ఫీ తీసి చూడండి. సన్న గీతలు, చిన్న చిన్న గళ్ల చొక్కాలు మాత్రం వద్దు, కెమెరా లోపల బొమ్మని పట్టే సెన్సర్‌లో చుక్కల వరసలూ ఈ గీతలూ ఒకదాని మీద ఒకటి పడి బట్ట మీద ఇంద్రధనస్సు అలలు వస్తాయి, ఫొటో చిన్నది చేసినప్పుడు ఇంకా దారుణంగా ఉంటుంది. ప్రొఫైల్ ఫొటోలో కనిపించేది ఛాతీ పైనే కాబట్టి కాలర్ మెడకి సరిగ్గా కూర్చుందా లేదా అన్నది రంగు కంటే ముఖ్యం, వదులైతే వెనక రెండు క్లిప్పులు పెట్టేయండి, ఎవరికి తెలుస్తుంది!

ప్రశ్న: అమ్మకి అమెరికా వీసా ఫొటో తీయించాలి. తెల్ల చీర, కళ్లజోడుతో పర్లేదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండూ వద్దు. బ్యాక్‌గ్రౌండ్ తెల్లగానే ఉండాలి కాబట్టి తెల్ల చీర గోడలో కలిసిపోతుంది, ముదురు రంగు ఏదైనా కట్టమనండి. కళ్లజోడు 2016 నవంబర్ నుంచి ఒప్పుకోవట్లేదు, కంటి ఆపరేషన్ లాంటి కారణం ఉంటే డాక్టర్ లెటర్ కావాలి. ఫొటో ఆరు నెలల లోపుది, 2 అంగుళాలకి 2 అంగుళాలు. స్టూడియో అబ్బాయి అలవాటుగా ముఖం తెల్లగా నున్నగా చేసేస్తాడు, అలా మార్చిన ఫొటోలు చెల్లవు, ముందే చెప్పేయండి.